చీటీ మీద పది గంటలు

పెసరట్టులో ఉప్పు తగ్గితేనే దామోదర్ తాతయ్య ముఖం మాడిపోతుంది. అలాంటిది, అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మనవరాలు అనిక స్కూల్ ప్రాజెక్ట్ కోసం ప్రింట్ తీసిన ఒక పాత ఉత్తరం చదివి ఆయన పెసరట్టునే పక్కకు నెట్టేశారు. తెల్లదొరల కాలంలో ఓ జిల్లా ఆసుపత్రిలో నిండు గర్భిణి చనిపోయింది. వేకువ నుంచీ ఆమెను గేటు బయటే పడేశారని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. అక్కడి దొర డాక్టరు వాటికి ఈ ఉత్తరంలో జవాబిచ్చాడు: "రోగిని ఆలస్యంగా, పది గంటలకు తెచ్చారు. మా తప్పు లేదు."

"ఛీ! పది గంటలకు ఆసుపత్రివాళ్లు అడ్మిషన్ చీటీ రాశారు. దాన్నే వచ్చిన టైముగా చూపించాడు, దొంగవెధవ!" అన్నారు తాతయ్య.

"వావ్, నీకెలా తెలుసు తాతా? ఆ దొర నీ క్లాస్‌మేటా?" అంటూ అనిక కిలకిలా నవ్వింది.

తాతయ్య నవ్వలేదు. ముప్పై ఏళ్లు సర్కారు డాక్టరుగా చేసిన తన నిజాయితీ గురించి ఆయన వచ్చినవాళ్లందరికీ చెబుతారు. అనిక అదంతా నమ్మింది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఇకముందూ నమ్ముతుంది.

"నేనూ ఇదే రాశాను," అన్నారు, కుళ్లిన వంకాయ కొరికినట్టు ముఖం పెట్టి. "పోలమ్మ అని, పురిటికొచ్చి పోయింది. పేపరువాళ్లకు ఇదే జవాబిచ్చాను."

అనిక నవ్వు ఆగిపోయింది. "ఇది ప్రాజెక్ట్‌లో పెట్టను తాతా. ప్రామిస్."

"పెట్టు. నా పేరు స్పెల్లింగ్ చెబుతాను, రాసుకో."