బిరాగో ముందు గేటు నుంచే వెళ్తుంది

మా ఊరి ఆసుపత్రికి వెనకవైపు ఒక సందు ఉంది. మనసు బాగాలేనివాళ్ళకి మందులిచ్చే గది అటే. అక్కడికి పోయేవాళ్ళందరూ తల మీద గుడ్డ కప్పుకుని, కోడిని దొంగిలించినవాళ్ళలా ఆ సందులోంచి దూరతారు. బిరాగో ఒక్కతే ముందు గేటు నుంచి వెళ్తుంది. అదీ ఎలా? చర్చికి కట్టుకునే పసుపు బట్ట కట్టుకుని, తలగుడ్డ ఎత్తుగా చుట్టి, చెవులకి పెద్ద పోగులు పెట్టుకుని.

"ఏంటే, పెళ్ళికా?" అని బజారు ఆడవాళ్ళు ఎకసెక్కాలాడితే, "కాదు, తలకాయ చూపించుకోడానికి. నువ్వూ రా, నీకూ అవసరమే!" అంటుంది.

దుంపలు దంచి చేసే ఫుఫూ ముద్దలు పులుసుతో పెట్టే దాని కొట్టు పక్కనే నేను జడలల్లే కొట్టు నడుపుతాను. దాని బతుకంతా నా కళ్ళముందే జరిగింది. కూతురు అచియా తర్వాత పుట్టిన బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పట్నుంచి దీనికి నిద్రా లేదు, తిండీ లేదు, గోడతో మాట్లాడుతూ కూర్చునేది. మొగుడు చెప్పాపెట్టకుండా పోయాడు. దీని మేనమామ ఒఫోసు ఆ ఇంటికి పెద్ద. ఆయన దెయ్యం పట్టిందని తేల్చేసి, కొండవతల ప్రార్థనలు చేసే పాకలో కాలికి గొలుసు వేయించి వచ్చాడు. ఆ పాకకొచ్చిన ఒక నర్సమ్మ పోట్లాడి విడిపించి, మందులు మొదలుపెట్టించింది.

ఆ గొలుసు మచ్చ ఇప్పటికీ దాని చీలమండ మీద ఉంది. అది కనబడేలాగే బట్ట కడుతుంది. "కొంచెం కిందకి లాక్కోవే" అని నేనంటే, "సిగ్గుపడాల్సింది గొలుసు వేసినవాడు. నాకెందుకే దూఫీ?" అంటుంది. మాత్రల డబ్బా కొట్లో ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. అప్పుడప్పుడూ మళ్ళీ ఆ దిగులు కమ్ముకుంటుంది. అప్పుడు కొట్టు మూసి పడుకుంటుంది. "ఒంట్లో బాగాలేదా?" అనడిగితే, "ఒళ్ళు బాగానే ఉంది, తలలోనే బాగాలేదు" అని చెబుతుంది.

ఇలాంటి మనిషి ఒక్కసారి మాత్రం తల వంచింది. అచియాకి సంబంధం వచ్చినప్పుడు.

మా వాళ్ళలో మగపెళ్ళివారు సారా సీసాలు పట్టుకుని, పిల్లనడగడానికి వచ్చి తలుపు తట్టే ముందు గుట్టుగా ఆరా తీస్తారు. ఆ ఇంట్లో దొంగలున్నారా, తాగుబోతులున్నారా, అన్నిటికంటే ముందు పిచ్చి ఉందా అని. ఒఫోసుకి గుండెల్లో రాయి పడింది.

"తలుపు తట్టే రోజు నువ్వు బయటికి రాకు. కుమాసి పట్నం వెళ్ళావని చెప్తాం. తల్లి కుర్చీలో మీ అక్క కూర్చుంటుంది" అన్నాడు.

"నేను బతికుండగానే నా కుర్చీలో ఇంకోళ్ళా మామయ్యా?"

"కూతురి బతుకులో మట్టి కొడతావా?"

ఆ మాటకి బిరాగో సరేనంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఎవరైనా అడిగితే అబద్ధమాడతానని నేనూ ఒప్పుకున్నాను.

ఆ వారమే మధ్యాహ్నం ఒక పెద్దావిడ, వెంట ఒకాయన కొట్టుకి వచ్చి ఫుఫూ తిన్నారు. నేనూ అక్కడే తింటున్నాను. ఆవిడ వేళ్ళు నాక్కుంటూ గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఈ కొట్టు వెనక ఒఫోసుగారింట్లో పిచ్చిదుందటగా? నిజమేనా?"

బిరాగో చేతిలో గరిటె ఆగిపోయింది. నేను గబుక్కున, "అబ్బే, ఎవరన్నారు! అలాంటివాళ్ళెవరూ లేరు" అన్నాను.

బిరాగో నా వైపు చూసింది. తర్వాత ఆవిడ గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోసింది. "ఉంది పెద్దమ్మా. ఆ పిచ్చిదాని చేతి పులుసే మీరు జుర్రుతున్నారు. ముక్క వెయ్యమంటారా?"

ఆయనకి పొలమారింది. పెద్దావిడ గిన్నె వంక చూసింది, బిరాగో వంక చూసింది.

"వెయ్యి" అంది.

వాళ్ళు వెళ్ళాక "అంతా చెడగొట్టావే" అని నేను లబోదిబోమన్నాను. "ఇంట్లో దాక్కోమంటే సరేనన్నాను. నా కొట్లో, నా చేతిలో గరిటె ఉండగా, నేనే లేనని నువ్వంటే వింటూ ఊరుకోనా?" అంది బిరాగో. అని కూర్చుని ఏడ్చింది. కూతురికి అన్యాయం చేశానేమోనని దాని భయం.

విషయం తెలిసి ఒఫోసు నానా తిట్లూ తిట్టాడు. కానీ అనుకున్న రోజుకి మగపెళ్ళివారు వచ్చారు. అందరికంటే ముందు ఆ పెద్దావిడే, పెళ్ళికొడుకు పెద్దమ్మట. ఒఫోసు అప్పటికే బిరాగోని వెనక గదిలోకి పంపి బయట గడియ పెట్టేశాడు. తల్లి కుర్చీలో అక్క కూర్చుంది.

సంబంధం ఒప్పుకున్న గుర్తుగా సీసాలు తీసుకునే ముందు పిల్లని ముమ్మారు అడగడం మా పద్ధతి. "అచియా, ఇవి పుచ్చుకోమంటావా?" అని ఒఫోసు అడిగాడు. పిల్ల పలకలేదు. మళ్ళీ అడిగాడు.

"మా అమ్మేది?" అంది.

"కుమాసి వెళ్ళిందని చెప్పాను కదే!"

"కుమాసి వెళ్ళినావిడ గదిలోంచి దగ్గుతోందేంటయ్యా?" అంది పెద్దావిడ. ఘొల్లున నవ్వారు.

అచియా నవ్వలేదు. "ఆ కుర్చీలో మా అమ్మ కూర్చుంటే పుచ్చుకోండి. లేదంటే సీసాలు తిరిగిచ్చేయండి" అంది.

నేను లేచి వెళ్ళి గడియ తీశాను. ఒఫోసు అరుపులు నాకు వినబడలేదు, వినదల్చుకోలేదు. బిరాగో పసుపు బట్ట కట్టుకుని, పోగులు పెట్టుకుని, తలుపు వెనకే నిలబడి ఉంది. చీలమండ కనబడేలా నడిచొచ్చింది. అక్క లేచి కుర్చీ ఇచ్చింది. మూడోసారి అడిగినప్పుడు అచియా "పుచ్చుకోండి" అంది, ఏడుస్తూ.

సందడి మొదలయ్యాక పెద్దావిడ బిరాగో పక్కకి జరిగింది. నేను వెనకే ఉన్నాను కాబట్టి విన్నాను.

"నా చిన్నకొడుకు గదిలోంచి బయటికి రావట్లేదమ్మాయ్. చాన్నాళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. ఆ మందులిచ్చే చోటికి వెనక సందు ఎటు?"

బజారంతా వినబడేలా మాట్లాడే బిరాగో, నాకు తెలిసి మొదటిసారి గొంతు తగ్గించింది.

"సందు సంగతి నాకు తెలీదు పెద్దమ్మా. సోమవారం తీసుకురండి, నేనూ వస్తాను. మంచి బట్టలు వెయ్యండి. ముందు గేటు నుంచే వెళ్దాం."