క్యాసెట్ అట్ట మీద లేని పేరు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. పెద్దదేం కాదు, రెండు మూడు వాక్యాలు. అయినా దాని బరువు తగ్గలేదు. నా భార్యకు చెప్పలేదు, ఆమె పోయేదాకా కూడా. పిల్లలకు చెబితే ఇంతేనా అని నవ్వేస్తారు. ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపిస్తోంది. నా పేరు మాత్రం అడక్కండి.

ఎనభైల్లో గుంటూరు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ దాటాక ఎల్.బి.నగర్ వెళ్లే దారిలో ఒక కొత్త కాలనీలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను. జానపద పాటల క్యాసెట్లు తయారుచేసేవాణ్ణి. పాట వెతకడం, పాడించడం, వాయిద్యాలు కూర్చడం అన్నీ నేనే. చుట్టూ ఇళ్లు లేస్తుండేవి, పొద్దంతా కంకర చప్పుడే. మేస్త్రీలు అన్నాలకు దిగిన ఆ ఒక్క గంటలోనే రికార్డింగు చేసుకోవాలి. కిటికీలకు దుప్పట్లు కట్టి బయట స్టూడియో అని బోర్డు పెట్టాను. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఎదురుగా కడుతున్న ఇంటి గోడలకు మణెమ్మ నీళ్లు కొట్టేది. యాభై దాటిన మనిషి. ఆ ఇల్లు లేస్తున్న నేల ఒకప్పుడు వాళ్ల జొన్న చెలకేనట. నీళ్లు కొడుతూ తాను కట్టుకున్న పాట పాడుకునేది.

జొన్నచేను మీద ఇల్లు లేసెనమ్మా,
ఏ అర్రల నిలుసుంటె నా సాలు దొరుకునమ్మా.

ఏ గదిలో నిలబడితే నా నాగటిచాలు దొరుకుతుందని అడగడం. గరుకు గొంతు. చరణం చివర ఊపిరి అందక కాస్త ఆగేది. పాటంతా ఆ ఆగడంలోనే ఉండేది. ఒక మధ్యాహ్నం పిలిచి పాడించాను. వాయిద్యాలేవీ లేవు, ఆమే బొక్కెన మీద దరువేసుకుంది. గొంతును గొంతులా వదిలేయాలన్నది అప్పట్లో నా పట్టుదల. అది నా బాణీ అని గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా.

కోఠిలో క్యాసెట్లు అమ్మే సేటు విని పెదవి విరిచాడు. ముసలి గొంతు ఎవరూ కొనరు, లేత గొంతు కావాలి, చిందు వేసేలా ఉండాలి అన్నాడు. అప్పటికే నావి రెండు క్యాసెట్లు మూలపడ్డాయి. ఇదీ పోతే పెట్టె సర్దుకుని గుంటూరు బస్సెక్కడమే.

టేపు మిషన్‌కు వేగం మార్చే నాబ్ ఒకటి ఉండేది. కొద్దిగా తిప్పాను, గొంతు సన్నబడింది. మణెమ్మ వయసు పదేళ్లు తగ్గింది. ఇంకాస్త తిప్పితే పద్దెనిమిదేళ్ల పిల్లయింది. ఊపిరి కోసం ఆగిన చోట్లన్నీ కత్తిరించేసి, పైన రిథమ్ బాక్స్ అనే మిషన్‌తో దరువు వేశాను. అట్ట మీద కుమారి స్వప్న అని అచ్చేయించాను. అలాంటి మనిషి ఈ భూమ్మీద లేదు. మణెమ్మ పాడిన అసలు టేపు మీద, కొత్తది కొనడం దండగని, ఇంకెవరి పాటో రికార్డు చేశాను.

క్యాసెట్ ఆడింది. వినాయక చవితికి బాలాపూర్ దాకా ప్రతి పందిరిలో అదే. చేను పోగొట్టుకున్న మనిషి పాటకు కుర్రాళ్లు చిందులేశారు.

మా వీధి చివరి పందిరి దగ్గర ఒక పొద్దున మణెమ్మ నిలబడి వింటోంది. నన్ను చూసి పిలిచింది.

"సారూ, గిది నా పాటే గద?"

"అవునమ్మా, పాట నీదే."

"మరి పాడేదెవలు?"

"విజయవాడ అమ్మాయి. నీ టేపు పాడైపోయిందమ్మా. అందుకని ఆ అమ్మాయి చేత పాడించాం."

ఆమె పాట అయిపోయేదాకా కదల్లేదు. తర్వాత తల ఊపింది.

"మంచిగ పాడింది పిల్ల. నా గొంతుల గంత తీపి యాడున్నది? నేను పాడితె ఎవలింటరు! గా పిల్లకు చెప్పుండ్రి సారూ, మణెమ్మ మెచ్చుకున్నదని."

చెప్తానన్నాను.

ఎందుకు అబద్ధమాడాను? ఆ గొంతును అలా చేసినందుకు సిగ్గుపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అలా అనుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కదా. నిజం అది కాదు. ఆమెకు తెలిస్తే పదిమందికీ చెబుతుంది, లేత గొంతు గుట్టు బయటపడుతుంది, సేటు ఇంకో క్యాసెట్ అడగడు. ఆ నిమిషంలో నా బుర్రలో తిరిగింది ఇదే. తన గొంతునే విని, అది తనకన్నా గొప్పదని ఒప్పుకుని వెళ్లిపోతున్న మనిషిని, తేలు కుట్టిన దొంగలా చూస్తూ నిలబడ్డాను.

ఆ తర్వాత ఎదురింటి నుంచి నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపించేది. ఆమె మళ్లీ పాడగా నేను వినలేదు. ఇల్లు పూర్తయ్యాక తుర్కయంజాల్ వైపు పనికి వెళ్లిపోయింది. ఎంత దూరం? బస్సెక్కితే గంట పట్టదు. నేను వెళ్లలేదు. కొన్నేళ్లకు చనిపోయిందని ఎవరో చెబితే, అమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాను. దీన్ని కూడా రాసేస్తున్నాను, దాచుకోవడానికి ఇంకేమీ మిగలకూడదని.

ఆ తర్వాతి క్యాసెట్లలోనూ అందరికీ ఆ లేత గొంతే కావాల్సి వచ్చింది. అదే నా బాణీ అన్నారు. నేనూ కాదనలేదు. ఎవరైనా ఆ పాటను మెచ్చుకుంటే, నిండు సభలో కూడా ఒంటరినైపోయేవాణ్ణి. ఆ మెప్పు ఎవరికి చేరాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పటికీ అంతే. ఈ ఇంట్లో ఇప్పుడు మాట్లాడించేవాళ్లు కూడా లేరు.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఆ క్యాసెట్ మీ ఇంట్లో ఏ అటక మీదో ఉంటే ఒక్క సంగతి తెలుసుకోండి. అందులో పాడింది విజయవాడ అమ్మాయి కాదు, స్వప్నా కాదు. మణెమ్మ.

ఇది రాశాక కొంచెం తేలిగ్గా ఉంది. అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.