బిర్బా కడుపు నిండిన రోజు

లాంగే కొండల్లో ఎర్మెలిందాకు మొగుడు పోయాడు, పళ్లు పోయాయి, గర్వం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ గర్వమంతా తండ్రి పోతూ పోతూ చెవిలో చెప్పిన ఒక్క చోటు. ఏటా అక్కడ నేలలోపల బంగారం ధర పలికే తెల్ల ట్రఫుల్ పుట్టగొడుగులు పుడతాయి. తన కుక్క బిర్బా వాసన పట్టి చూపినచోట తవ్వుకున్నాక గుంట పూడ్చి, పైన ఆకులు చల్లి, అటు పోనే లేదన్నట్టు వచ్చేసేది. కట్టుకున్నవాడికే చెప్పని చోటు పక్కింటి గౌదెన్‌సియోకి చెబుతుందా?

అతడూ ట్రఫుల్ వేటగాడే. కాకపోతే అతని కుక్క ముక్కూ అతని బుర్రా ఒకలాంటివే. అందుకని పొగమంచులో ఆమె వెనకే నక్కి నక్కి వచ్చేవాడు. ఆమె అది కనిపెట్టి, ముళ్లడొంకల్లో తిప్పి తిప్పి మళ్లీ ఇంటికే తెచ్చేది.

ఆ నవంబరులో మెట్ల మీద జారి ఆమె కాలు బెణికింది. మర్నాడే గౌదెన్‌సియో గుమ్మంలో ప్రత్యక్షం.

"వదినా, పాపం నీ బిర్బా కట్టేసే ఉందే! కాస్త అలా తిప్పుకురానా?"

ఎర్మెలిందాకు అతని ఎత్తు తెలిసిపోయింది. తను కాక ఆ చోటు తెలిసింది బిర్బాకే. కుక్కకు మాటలు రావు గానీ కాళ్లున్నాయి కదా! వద్దంటే, తను కునుకు తీసినప్పుడు విప్పుకుపోతాడు.

"నీ మనసు వెన్న, మరిదీ! ఆగు, దాన్ని కాస్త ఎంగిలి పడనీ."

ఉన్న కుంటుకు మరికాస్త కలిపి కుంటుతూ వంటింట్లోకి పోయింది. మొక్కజొన్న సంకటిలో పాలు పోసి, సాసేజీ ముక్కలు కలిపి గిన్నె నిండా పెట్టింది. బిర్బా నమ్మలేక ఆమె ముఖం చూసింది. వేటకు పోయే రోజు దానికి ఎప్పుడూ పస్తే. ఆకలి కుక్కకే ముక్కు పనిచేస్తుంది. ఆ సంగతి గౌదెన్‌సియోకీ తెలుసు. కానీ ఆయనగారు బయట నిలబడి పలుగును కోటులో దాచుకునే పనిలో ఉన్నారు.

గౌదెన్‌సియో తాడు పట్టుకుని వెంట రాగా బిర్బా బరువుగా నడిచి, చర్చి వెనక ఫాదర్ చెల్సో తోటలో దూరి, హేజెల్ చెట్టు కింద పొట్ట వాల్చి గురక పెట్టింది. హేజెల్ వేళ్ల దగ్గర ట్రఫుల్ దొరకడం కద్దు.

"ఓసి ముసలిదానా, ఫాదర్ పెరట్లోనా నీ చోటు!" అని గౌదెన్‌సియో కుక్క చుట్టూ తవ్వాడు. ఏమీ లేదు. ఇంకా తవ్వాడు. ఫాదర్ వచ్చేసరికి ఉల్లిమడి కూడా తిరగబడింది.

"ఏం చేస్తున్నావు నాయనా?"

"గాలి మార్పుకు వచ్చాను ఫాదర్."

"పలుగుతోనా?"

నడవనని మొరాయించిన బిర్బాను ఊరంతా చూస్తుండగా భుజాన మోసుకొచ్చాడు.

"ఏం పెట్టావు వదినా దీనికి?"

"మీ అన్నకు పెట్టినట్టే పెట్టాను. ఆయనా తిన్నాక ఇంతే."

కాలు కుదుటపడ్డాక ఎర్మెలిందా పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి ఫాదర్ దగ్గరికి వెళ్లింది. చిన్నాచితకా పాపాలన్నీ ఒప్పజెప్పింది.

"ఇంకేమైనా దాచావా తల్లీ?" అన్నాడు ఫాదర్, ఇద్దరి మధ్యనున్న చెక్క అల్లిక తెరకు కాస్త దగ్గరగా జరిగి.

"దాచాను ఫాదర్. కానీ అది పాపం కాదు."

"అయినా చెబితే మనసు తేలికవుతుంది కదమ్మా."

"మీ మనసా, నా మనసా ఫాదర్?" అని లేచి, కొంగలా మెడ సాచిన ఆయన్ని అక్కడే వదిలేసి, బిర్బాను వెంటబెట్టుకుని కొండెక్కింది. ఆ పూట బిర్బాకు పస్తు.