ఆదివారం ఆగే కారు

మా కారు వారంలో ఆరు రోజులు బుద్ధిగా తిరిగేది. ఏడో రోజున, అదీ నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బైబిలు పక్క సీట్లో పెట్టుకుని కావలిలో ఆరాధనకు బయలుదేరిన ఆదివారం ఉదయాన, కాలవ వంతెన ఎక్కుతూ ఎక్కుతూ వణికి ఆగిపోయేది. సోమవారం నుంచి మళ్ళీ ఏమీ ఎరగనట్టు తిరిగేది. కొన్ని వారాలు గడిచాక అది నాకు యంత్రంలా అనిపించడం మానేసింది. నా మీద కక్ష గట్టిన మనిషిలా కనిపించసాగింది.

మా ఇల్లు కావలికి తూర్పున ఒక చిన్న ఊళ్ళో, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంది. ఆ ఊరి బడిలో నా భార్య టీచరు. ఆమె ఉద్యోగం కోసమే అక్కడ ఇల్లు కట్టుకున్నాం. నేను కావలిలో ఒక ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసి రిటైరయ్యాను. మాకు పిల్లలు లేరు. ఆమె పోయాక ఆ ఇంట్లో నేనూ ఫ్రిజ్జు చప్పుడూ మిగిలాం. ఊళ్ళో అందరికీ ఆమె తెలుసు. నేను టీచరమ్మ గారి భర్తను, అంతే. టీచరమ్మ లేని భర్తతో ఏం మాట్లాడాలో వాళ్ళకు తోచలేదు. నాకూ తోచలేదు. పని లేకుండా ఒకరి గడప తొక్కడం నాకు పుట్టుకతో రాని విద్య. ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేసేది.

మా ఇళ్ళల్లో శనివారం సాయంత్రమంటే కడుగుళ్ళ వేళ. ఆదివారం పని పెట్టుకోకూడదు కాబట్టి బట్టలకు ఇస్త్రీ, చెప్పులకు పాలిష్, గడప కడగడం, అన్నీ ముందురోజే అయిపోవాలి. కారు కూడా. ఆమె ఒక బకెట్టు నీళ్ళతో, తడిగుడ్డతో తుడిచేది. నాకు అంత ఓపిక లేదు, పంపుకు పైపు తగిలించాను. పైగా సముద్రపు గాలి ఇనుమును తినేస్తుందని మా వైపు అందరికీ ఉండే భయమే నాకూ ఉంది. ఉప్పుకు మందు మంచినీళ్ళే అనుకుని బానెట్ ఎత్తి ఇంజిను మీద కూడా ధారగా కొట్టేవాణ్ణి. ఎంత కడిగితే అంత భక్తి అన్నట్టుండేది నా వరస. మెరిసే ఇంజినును చూసుకుని, ఆమె ఉంటే మెచ్చుకునేది కదా అనుకుంటూ బానెట్ దించేవాణ్ణి.

మొదటిసారి ఆగిన రోజు నాకింకా గుర్తుంది. ఇంటి ముందు స్టార్ట్ చేసినప్పుడే ఇంజిను చలిజ్వరం వచ్చినట్టు ఊగింది. మీటర్ల మధ్య పసుపు దీపం మినుకుమినుకుమంది. పచ్చి పెట్రోలు వాసన లోపలికి కొట్టింది. చదును రోడ్డు మీద ఎలాగో నెట్టుకొచ్చింది కానీ వంతెన ఎత్తు మొదలవగానే దమ్ము చాలక చచ్చింది. వంతెన మొదట్లో సముద్రం మీద బతికే వాళ్ళ ఇళ్ళున్నాయి, వాటి ముందు ఒక టీ అంగడి. వేటనుంచి వచ్చిన మగవాళ్ళు అక్కడ టీ తాగుతున్నారు. నేనేమీ అడగకముందే నలుగురు లేచి వచ్చి కారును వెనక్కి దించి అంగడి పక్కకు తోశారు. బానెట్ ఎత్తిపెట్టి నిలబడ్డాను. ఇంజిను వేడికి, ఎండకు కాసేపటికి దానంతటదే కుదుటపడి స్టార్టయింది. చర్చికి చేరేసరికి ప్రసంగం సగంలో ఉంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, కారు ఆగినందుకు కాదు గాని వెనక బెంచీలో వాళ్ళు చిన్నగా నవ్వినందుకు నాకు మండింది.

తర్వాతి ఆదివారం అదే చోట ఆగింది. ఆ తర్వాతా అంతే.

కావలిలో మెకానిక్ దగ్గరికి సోమవారం తీసుకెళితే అతను ఊరంతా తిప్పి చూసి, ఏమీ లేదన్నాడు. ఇంజిను ఆగి ఆగి కొట్టుకుంటోందని నేను చెబితే, పెట్రోలు మంచిది కాదన్నాడు. ఫిల్టరు మార్చాడు. మళ్ళీ ఆగిందని చెబితే ఇంకో బంకులో పోయించమన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అయినా అతని తప్పేముంది, అతని దగ్గరికి వెళ్ళినప్పుడు ఒంట్లో ఏమీ లేనట్టు నటించే రోగి నా కారు. చర్చిలో పాస్టరు గారు కారు కోసం ప్రార్థన చేశారు. టీ అంగడి నడిపే ఆమె మాత్రం దిష్టి తగిలిందని తేల్చేసింది. నిమ్మకాయ కట్టమంది. మా చర్చివాళ్ళు చూస్తే ఊరుకోరని చెప్పాను. ఆమె ఒక నిమ్మకాయ తెచ్చి స్టీరింగు పక్కన గూట్లో పడేసి, కట్టొద్దులే, ఇంటికి పోయి నీళ్ళలో పిండుకుని తాగు, ఎట్టయినా పనిచేస్తుందిలే అంది. చాలా రోజుల తర్వాత నేను గట్టిగా నవ్వాను.

అలా వారం వారం ఆగుతూ ఉంటే నాకోసం ఒక స్టూలు బయటికి రావడం మొదలైంది. అడగకుండానే టీ వచ్చేది. దేవుడు ఈ వారం కూడా ఈడనే దించేసినాడా అని ఎవరో ఒకరు ఎత్తిపొడిచేవాళ్ళు. ఒకరోజు అంగడి ఆమె మాటల్లో నా భార్య సంగతి వచ్చింది. బడి వదిలాక టీచరమ్మ ఇంటికి పోయేముందు ఈ బెంచీ మీదే కూర్చుని టీ తాగేదట, రెండు చెంచాలు చక్కెర వేయించుకుని. నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆమెకు షుగరు. ఇంట్లో చక్కెర డబ్బాయే లేదు. ఆమె రక్తం నేనే తీసి, నేనే పరీక్షించేవాణ్ణి. తిండి ఇంత కట్టుదిట్టంగా ఉన్నా అంకె ఎందుకు దిగడం లేదో ఏళ్ళ తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మందు మార్చమని డాక్టరు గారితో వాదులాడాను. ఆ కారణం ఈ బెంచీ మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ ఉండేదన్నమాట. కోపం వచ్చింది. తర్వాత, కనీసం ఇక్కడైనా ఆమె తీపి తాగిందనిపించి గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఆమె గురించి నాకు తెలియని మాట ఒకటి ఇంకా లోకంలో మిగిలి ఉందని తెలియడం ఎంత ఊరటో, ఒంటరిగా ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఇలా ఉండగా ఒక శనివారం నాకు జ్వరం వచ్చింది. మంచం దిగలేదు, కారు కడగలేదు. ఆదివారం కాస్త తేలిగ్గా ఉంటే బయలుదేరాను. కారు వంతెనను గాలిలా ఎక్కేసింది. అద్దంలో చూస్తే అంగడి ముందు ఇద్దరు అప్పటికే గ్లాసులు కింద పెట్టి లేచి నిలబడి ఉన్నారు. ఆగాలని తట్టేలోపే దాటిపోయాను.

ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క కూడా నా చెవికెక్కలేదు. ఈ వారం ఏం మారింది? పరీక్షలో ఒక్కటే మార్చి చూడాలి, మిగతావి కదిలించకూడదు. అదే పెట్రోలు, అదే దారి, అదే వంతెన. కడగలేదు, అదొక్కటే తేడా. ఆ వారం శనివారం రాకముందే, ఒక సాయంత్రం, పైపు పట్టుకుని ఇంజినును ఎప్పటిలాగే కడిగి, తెల్లారి స్టార్ట్ చేశాను. చలిజ్వరం, పసుపు దీపం, పచ్చి పెట్రోలు వాసన, అన్నీ వచ్చేశాయి. ఆదివారం కాకపోయినా వచ్చాయి. దేవుడికీ దిష్టికీ ఇందులో ప్రమేయం లేదని తేలిపోయింది.

ఇంజిను ఆపి, ప్లగ్గుల మీద కూర్చుని వాటికి కరెంటు అందించే కాయిళ్ళను ఒక్కొక్కటే ఊడదీశాను. ప్లగ్గులు ఇంజిను తలలో లోతైన గుంటల్లో కూర్చుని ఉంటాయి. మూడింటిలో రెండు గుంటల్లో నీళ్ళు తళతళలాడుతున్నాయి. నీళ్ళు దిగకుండా కాపాడవలసిన రబ్బరు తొడుగులు వయసు మీద పడి బిరుసెక్కి నెర్రెలిచ్చాయి. ప్లగ్గును రగిలించాల్సిన కరెంటు ఆ తడి దొరికితే అడ్డదారిన పారిపోతుంది. చదును మీద ఎలాగో సరిపెట్టుకున్నా, ఎత్తులో బరువు పడ్డప్పుడు చేతులెత్తేస్తుంది. కాసేపు ఆగితే ఇంజిను వేడికే తడి ఆరిపోతుంది. సోమవారం మెకానిక్ చూసేది ఆరిపోయిన కారును. ఉప్పు నుంచి కాపాడదామని నేను పోసిన మంచినీళ్ళే దాని రోగం. గుడ్డ చుట్టిన పుల్లతో గుంటలు అద్ది, సైకిల్ పంపుతో గాలి కొట్టి ఆరబెట్టాను. రబ్బర్లు కొత్తవి వేయించాను. ఇకనుంచి బకెట్టూ తడిగుడ్డే అని నిర్ణయించుకున్నాను, ఆమె చేసినట్టే.

రోగం పట్టుకున్నానన్న గర్వం ఆ శనివారం దాకా నిలిచింది. ఆదివారం కారు ఎక్కడా దగ్గలేదు. అంగడి దగ్గర ఆగుదామా అనుకున్నాను, కానీ ఏమని ఆగాలి? టీ తాగడానికి నా ఇంట్లో పొయ్యి లేదా? అలా ఆలోచిస్తూనే వంతెన దాటేశాను. చర్చికి అందరికన్నా ముందు చేరాను. మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నాను. ఆ రోజంతా నా నోటివెంట వచ్చినవి 'వందనాలు', 'ఆమెన్', ఈ రెండే. పడుకోబోయేముందు అది గుర్తొచ్చి నాకు భయం వేసింది. చావంటే కూడా నాకు అంత భయం వేయలేదు.

తర్వాతి శనివారం బానెట్ ఎత్తి పైపు చేతిలోకి తీసుకున్నాను. కొత్త రబ్బర్లు కాస్త పైకి లాగి రెండు గుక్కెళ్ళు పోస్తే చాలు, రేపు వంతెన దగ్గర స్టూలు బయటికి వస్తుంది. చాలాసేపు అలాగే నిలబడ్డాను. పైపు నీళ్ళు నా చెప్పుల మీదుగా పారిపోయాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలిసి తెలిసి ఒక్క శాంపిలు పాడు చేయలేదు, ఇప్పుడూ చేయి రాలేదు. పంపు కట్టేసి లోపలికి పోయాను.

కానీ ఆదివారం వంతెన మొదట్లో, అంగడికి ఎదురుగా, ఇంజిను హాయిగా పాడుతుండగానే తాళం తిప్పి ఆపేశాను. దిగి బానెట్ ఎత్తాను. లోపల ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చాను. నా వయసుకు అది ఎంత సిగ్గుమాలిన పనో నాకు తెలుసు.

మగవాళ్ళు వచ్చారు. అంగడి ఆమె కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి, కారునూ నన్నూ మార్చి మార్చి చూసింది. పొద్దున లేచింది మొదలు పడవ ఇంజిన్ల చప్పుడు వినే మనిషి ముందు నా నాటకం ఎంతసేపు నిలుస్తుంది?

"బండి ఈసారి దగ్గలేదే. నువ్వే ఆపినావు గదన్నా," అంది.

అప్పటిదాకా సార్ అనేది. నేను బానెట్ కిందనుంచి తల బయటికి తీయలేదు.

"రెండు వారాలు అట్నే ఎల్లిపోతివి, ఏం తప్పు చేసినామో అనుకున్నాం. మా కాడ ఆగాలంటే బండి చెడిపోవాల్నా?"

"ఇంట్లో మాట్లాడే మనిషి లేదమ్మా," అన్నాను. "ఊరికే ఆగడం నాకు చేతకాలేదు."

ఆ మాట నేను పాస్టరు గారితో కూడా అనలేదు. ఆమె వెంటనే వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళి టీ తెచ్చి, టీచరమ్మకు వేసినట్టే రెండు చెంచాలు వేశానని చెప్పి చేతిలో పెట్టింది. బెంచీ మీద వాళ్ళు కొంచెం జరిగారు. వేట సంగతులు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆరాధనకు ఆలస్యమవుతోందని వాళ్ళే గుర్తుచేశారు.

బానెట్ దించి, కూర్చుని తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. అద్దంలో చూస్తే నలుగురూ కారు వెనక చేతులు ఆనించి నిలబడి ఉన్నారు. తల బయటపెట్టి, బాగైందని చెప్పాను. తెలుసన్నారు. అయినా వంతెన పైదాకా తోశారు.