తెల్లగా కాల్చిన ఊక బూడిద

రిటైరవడానికి రెండేళ్ల ముందు, కోదాడలోని ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ విభాగాధిపతిగా ఉండగా, ఊక బూడిద నుంచి నానో సిలికా తీసే ప్రాజెక్టు నా నెత్తిన పడింది. పేరు ఘనమే గానీ అంతా వంటింటి పనే. బూడిదను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించి వడగట్టాలి. ఆ తేటలో చుక్క చుక్కగా యాసిడ్ వేస్తే జావలా గడ్డకడుతుంది. కడిగి ఆరబెడితే కంటికి ఆనని రేణువుల తెల్లటి పొడి. రబ్బరుకు బలమిచ్చేది అదే.

మొదటి సంచి బూడిద మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి నేనే వెళ్లి తెచ్చాను. పొడి బ్రహ్మాండంగా వచ్చింది. రెండో సంచిని అక్కడి బాయిలర్ ఆపరేటర్ సైదులు బస్సులో పంపాడు.

ప్రాజెక్టులో రిసెర్చ్ స్కాలర్ సువర్ణ, తిరుమలగిరి పత్తి రైతు కూతురు. పది రోజుల్లో సమీక్ష కమిటీ వస్తుంది. సరిపడా పొడి చూపకపోతే ప్రాజెక్టు ఖతం, ఆమె ఫెలోషిప్పూ పీహెచ్‌డీ కూడా. సరిగ్గా అప్పుడే రెండో సంచి మొండికేసింది. ఎంత ఉడికించినా బూడిద కరగదే! మూడు రోజులు చూసి నాకు తిక్క రేగింది. కాస్టిక్ తూకం తప్పావని, శ్రద్ధ లేదని, ల్యాబ్ అటెండర్ ముందే సువర్ణను చెడామడా తిట్టాను. ఆమె మళ్లీ మొదటి నుంచి కాస్టిక్ తూచడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు మిల్లుకు వెళ్తే సైదులు నవ్వుతూ ఎదురొచ్చాడు.

"బూడిద ఎట్లున్నది సారూ? మొదటిది నల్లగున్నదని మీరు మొకం అదోలెక్క పెట్టిన్రు. గందుకే మళ్ల పొయ్యిల ఏసి, బ్లోయర్ పెట్టి, మల్లెపువ్వు లెక్క తెల్లగ కాల్చిన."

నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. మంట మరీ పెరిగితే సిలికా స్ఫటికంగా బిగుసుకుంటుంది, ఇక కాస్టిక్‌కు లొంగదు. నలుపంటే మిగిలిన బొగ్గు, అది వడపోతలో పోతుంది. నల్లదే కావాలన్నాను.

"గిదేం సదువు సారూ, తెల్లది వద్దు నల్లదే కావాల్నంటరు!" అని ఆయన పకపకా నవ్వాడు.

అక్కడి నుంచి తెచ్చిన నల్ల బూడిదతో, సమీక్షకు ముందురోజు పొడి తయారైంది. ప్రాజెక్టు నిలిచింది. ఆ సాయంత్రం అటెండర్ ముందే సువర్ణతో తప్పు నాదన్నాను.

"సంచి విప్పిన నాడే చెప్పిన గద సార్, ఈసారి రంగు వేరే ఉన్నదని. తెల్లగుంటే మంచిదే గదమ్మా అన్నరు" అంది.

నిజమే, అలాగే అన్నాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడికి వినడం తగ్గిపోతుంది. ఆ తర్వాత ఏ సంచి వచ్చినా, ఎంత మంటలో కాలిందో సైదులును, చూడ్డానికి ఎలా ఉందో సువర్ణను అడిగి, రికార్డులో రాసుకున్నాకే హాట్ ప్లేట్ ఆన్ చేసేవాణ్ణి.