మర్చిపొమ్మన్న పన్ను

ఆ రోజు నేను మోరీలో పారబోసిన పప్పుచారు బాగానే ఉంది. ఆ సంగతి నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్లున్న గల్లీలో మాది కర్రీ పాయింట్. నేనూ మా ఆయన యాదగిరీ నల్లగొండ దిక్కు పల్లె నుంచి వచ్చి పెట్టుకున్నాం. ఆయన కూరగాయలు తెస్తాడు, ప్యాకెట్లు కడతాడు. వండేదీ రుచి చూసేదీ నేను. ఆ పొద్దున ఎప్పటిలాగే అరచేతిలో చారు చుక్క వేసుకుని నాకాను. నోరంతా కుళ్లు వాసన కొట్టింది. పప్పు పాసిపోయిందనుకుని గిన్నె మొత్తం వంచేశాను. యాదగిరి ఉరికొచ్చి గరిటెకు అంటిన చారు నాకి చూశాడు.

"మంచిగనే ఉన్నది గదనే! పిచ్చి లేసిందా నీకు?"

"నీ నోరే మంచిగ లేదు" అని నేనే ఆయన్ని గదిమాను.

మళ్లీ వండితే అదీ అట్లాగే అనిపించింది. నూనెను అనుమానించాను, చింతపండును అనుమానించాను, కిరాణా కొట్టు ఆయనతో పోట్లాడాను. నా నోటిని మాత్రం అనుమానించలేదు. ఎందుకంటే నాకు ఎక్కడా నొప్పి లేదు.

అంతకు కొన్నేళ్ల ముందు కింది దవడలో ఒక పన్ను పుచ్చి ప్రాణం తోడేసింది. మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులున్న డెంటల్ క్లినిక్‌కు పోయాను. రూట్ కెనాల్ చేశారు, పైన క్రౌన్ పెట్టారు. మనమందరం క్యాప్ అంటామే, అదే. డాక్టరు గ్లవ్స్ విప్పుకుంటూ, "అయిపోయిందమ్మా. ఇది లైఫ్ టైమ్. ఇంక ఈ పన్ను సంగతి మర్చిపోండి" అన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. బయట రిసెప్షన్‌లో అమ్మాయి మాత్రం నా ఫోను తీసుకుని తనే అయిదు స్టార్లు నొక్కుకుంది.

మర్చిపోదామనే చూశాను. ఆ పన్ను మర్చిపోనిస్తేగా! క్యాప్ వేసిన వారంలోనే దాని పక్కన మటన్ పీచు, తోటకూర ఈనెలు ఇరుక్కోవడం మొదలైంది. పోయి చెప్పాను. "కొత్తలో అంతేనమ్మా, అలవాటవుతుంది" అన్నాడు. అలవాటు చేసుకున్నాను. మా దగ్గర ఆడవాళ్ల పుస్తెలతాడుకు పిన్నీసులు వేలాడుతూ ఉంటాయి. కాల్లో ముల్లు దిగినా, జాకెట్ హుక్కు ఊడినా, పళ్లలో పీచు ఇరికినా అదే పనిముట్టు. మా అమ్మ అట్లాగే తీసుకునేది, మా వదిన అట్లాగే తీసుకుంటుంది. నేనూ అన్నం తిన్నాక గోడ వైపు తిరిగి పిన్నీసు తీసేదాన్ని.

పప్పుచారు పారబోసిన తర్వాత కొన్నాళ్లకు, కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు నేను మాట్లాడితే ఒక అడుగు వెనక్కి వేస్తున్నారని గమనించాను. రోజూ కూర తీసుకెళ్లే ఒక పెద్ద సారు నేను ఎదురొస్తే ఫోను చూసుకుంటూ నిలబడి, యాదగిరి వచ్చాకే "ఒక వంకాయ" అనేవాడు. చివరికి మా వదినే మొహం మీద చెప్పింది.

"నీ నోరు కంపు కొడ్తున్నదే. జర సోంపన్న నములు."

ఆ మాటకు నేను చచ్చేంత సిగ్గుపడ్డాను. పదిమందికి వండిపెట్టి బతికేదాన్ని. నా నోరే కంపు కొడితే నా చేతి కూర ఎవరు తింటారు? రుచి తెలియక ఉప్పు ఎక్కువో తక్కువో అవుతూనే ఉంది. ఇట్లాగే పోతే దుకాణం షటర్ దించుకోవాల్సిందే. సోంపు నమిలాను, లవంగం బుగ్గన పెట్టుకున్నాను, పొయ్యి సెగలో కూడా మాస్కు కట్టుకుని నిలబడ్డాను. లోపల ఒకటి కుళ్లుతుంటే పైన సోంపు ఏం చేస్తుంది?

మా గల్లీ డాక్టరు దగ్గరికి పోతే, "గ్యాస్ అమ్మా, టైముకు తినరు కదా" అని మాత్రలు రాశాడు. నోటి వాసన అని చెప్పుకుంటున్న మనిషిని నోరు తెరవమని కూడా అడగలేదు. అవి మింగి మింగి విసుగొచ్చి, క్యాప్ వేసిన క్లినిక్‌కే మళ్లీ పోయాను. అక్కడి డాక్టరు ఇనుప పుల్లతో టక్ టక్ కొట్టి చూశాడు.

"నొప్పి ఉందా? లేదు కదా. క్యాప్ స్ట్రాంగ్‌గా ఉంది. చిగుళ్ల ఇన్‌ఫెక్షన్, అంతే."

యాంటీబయాటిక్, మౌత్‌వాష్. వాడినన్ని రోజులు తగ్గింది, ఆపగానే తిరగబెట్టింది. మళ్లీ పోయాను, మళ్లీ అదే చీటీ. ఎక్స్‌రే మిషను ఆ గదిలోనే గోడకు ఉంది. ఒక్కసారి కూడా దాన్ని నా వైపు తిప్పలేదు. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒకరోజు పొద్దున లేచేసరికి బుగ్గ పూరీలా పొంగింది. మా వదిన చూసి, "పీకిచ్చుకోరాదే, పీడ పోతది. పన్నే గదా!" అంది. పన్నే గదా! కాలు విరిగితే కాలే గదా అంటారా ఎవరైనా? మా ఇళ్లల్లో ఆడవాళ్లు నలభై దాటేసరికి సగం పళ్లు పోగొట్టుకుని చిగుళ్లతో నములుతుంటారు. అదేదో వయసుతో వచ్చే ముచ్చటైనట్టు మాట్లాడతారు. ఆ రోజు వదినకు అన్నం పెట్టాను కానీ మాట్లాడలేదు.

మా దగ్గర కూర తీసుకెళ్లే ఒక నర్సు ఎల్బీ నగర్‌లో ఉన్న లేడీ డాక్టరు పేరు చెప్పింది. కొంగు బుగ్గకు అడ్డం పెట్టుకుని మెట్రో ఎక్కాను. ఆ డాక్టరమ్మది గోదావరి జిల్లా. నన్ను కూర్చోబెట్టి, ఇంకేమీ అడగకముందే ఎక్స్‌రే తీసింది. తెర నా వైపు తిప్పింది.

"ఇదిగోండి, క్రౌన్ అంచు పంటికి ఆనలేదు. మార్జిన్ ఓపెన్‌గా ఉంది. తిన్నదంతా ఈ సందులోంచి లోపలికి పోతోంది. సెకండరీ డికే, అంటే క్యాప్ కింద పన్ను మళ్లీ పుచ్చింది. కింద ఎముక కూడా తగ్గింది."

"మరి నొప్పి లేకపాయె గదమ్మా?"

"రూట్ కెనాల్‌లో నరం తీసేస్తారు కదండీ. నరం లేని పన్ను లోపల ఎంత కుళ్లినా చాలాసార్లు నొప్పి తెలియదు. అందుకే మామూలు పంటికన్నా దీన్నే ఎక్కువ కనిపెట్టుకోవాలి."

అంటే మర్చిపోకూడని పన్నునే మర్చిపొమ్మన్నాడన్నమాట. నేను ఇంకా ఆ కోపంలో ఉండగానే ఆవిడ చిగురు పక్కకు జరిపి చూసింది. "ఈ గాట్లేమిటండీ? దేనితో పొడుస్తున్నారు?" అంది. పుస్తెలతాడు పైకి తీసి చూపించాను.

"అయ్యయ్యో, పిన్నీసా! ఇంత అశ్రద్ధ ఏమిటమ్మా?"

ఇన్నాళ్లు మింగిన కోపమంతా బయటికి వచ్చింది.

"అశ్రద్ధ అనకు డాక్టరమ్మా! పొద్దుమాపు తోముకుంటున్న. పీచు ఇర్కుతున్నదని పోయి చెప్తే అలవాటైతది అన్నడు. దేంతోని తియ్యాలె, ఎట్ల తియ్యాలె, ఒక్కలన్న చెప్పిన్రా నాకు? లైఫ్ టైమ్ అని చెప్పనీకి నోరొచ్చింది, గీ ముచ్చట చెప్పనీకి రాలేదా?"

పక్క కుర్చీలో ఉన్నాయన నోట్లో పైపుతోనే తల తిప్పి చూశాడు. ఆవిడకు కోపం వస్తుందనుకున్నాను. కానీ ఆవిడ, "నిజమేనండీ. చెప్పాల్సింది మేమే" అంది. డాక్టర్ల నోట అట్లాంటి మాట నేను అదే మొదటిసారి వినడం.

షుగర్ పరీక్ష చేయించింది, వాపు తగ్గడానికి మందులు ఇచ్చింది. తగ్గాక క్యాప్‌ను మిషనుతో కోసి తీసింది. తీయగానే గదంతా వాసన. ఇన్నాళ్లు నా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లు ఓర్చుకున్నది అదేనని అర్థమై కళ్లు మూసుకున్నాను. కింద పన్ను నల్లగా, మెత్తగా అయిపోయింది.

"సారీ అమ్మా. నాన్ రిస్టోరబుల్. నిలబడదు, తీసేయాలి. వెనక పంటికి కూడా పక్కనుంచి పుచ్చు అంటుకుంది. దాన్నైనా దక్కించుకుందాం."

కుర్చీలోనే ఏడ్చాను. నొప్పికి కాదు, ఉక్రోషంతో. పన్ను తీశారు. తర్వాత చిగుళ్ల లోపలి దాకా గార గీకి స్కేలింగ్ చేశారు. వెనక పంటికి ఫిల్లింగ్ పెడితే అది నిలవలేదు, చల్లనీళ్లు తగిలినా జివ్వున లాగేది. దానికి కూడా రూట్ కెనాల్, మళ్లీ క్యాప్ అనేసరికి నేను కుర్చీ దిగి నిలబడ్డాను.

"నాకొద్దు. ఇంకో క్యాప్ నా నోట్ల పెట్టనియ్య."

"వేరు గట్టిగా ఉందండీ, పోగొట్టుకోవద్దు. ముందు క్యాప్ ఊరికే తొడిగి ఎక్స్‌రే తీస్తాను. అంచు మీ కళ్లతో చూడండి. మీరు సరేనంటేనే సిమెంట్ పెట్టి అతికిస్తాను" అంది.

చూశాను. అంచు పంటికి అతుక్కుని ఉంది. సరేనన్నాను. తర్వాత ఆవిడ నా చేతికి అద్దం ఇచ్చి, ఫ్లాస్ దారాన్ని పళ్ల మధ్యకు ఎట్లా దించాలో, పంటి గోడను కిందినుంచి పైకి ఎట్లా రుద్దాలో, చిగురు కోసుకోకుండా ఎట్లా తీయాలో చూపించింది. పన్ను పోయిన ఖాళీ పక్కన తిప్పడానికి సీసా కడిగే కుంచెలాంటి బుల్లి బ్రష్ ఇచ్చింది. గరిటె పట్టిన చేతికి దారం అంత తొందరగా లొంగలేదు. నెత్తురు చూసి భయపడితే, "ఆపకండి, చిగురు గట్టిపడితే తగ్గుతుంది. తగ్గకపోతే నా దగ్గరికి రండి" అంది. తగ్గింది. వాసన పోయింది. ఒకరోజు గోంగూర రుచి చూస్తే పులుపు సరిగ్గా నాలుక అంచుకు తగిలింది. పొయ్యి ముందే నిలబడి నవ్వాను, ఏడ్చాను.

కోసి తీసిన పాత క్యాప్‌ను అడిగి తీసుకున్నాను. దాన్ని పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌కు బయలుదేరితే యాదగిరి, "లొల్లి ఎందుకే? పోయిన పన్ను ఒస్తదా?" అన్నాడు. రాదు. అయినా పోయాను. రిసెప్షన్‌లో అమ్మాయి ఆగమంటున్నా ఆగకుండా లోపలికి నడిచి, దాన్ని ఆయన బల్ల మీద పెట్టి, దారంతో శుభ్రం చేసుకోవడం దాకా జరిగిందంతా గొంతెత్తి చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోను కూడా లేదు.

"మీరు మెయింటెయిన్ చెయ్యలేదమ్మా."

"చెయ్యాలె అని చెప్పినవా? మర్చిపొమ్మన్నవ్! అంచు కుదరకుండ పెట్టింది నేనా? ఎక్స్‌రే తియ్యంది నేనా?"

"అరవకండి, పేషెంట్లు ఉన్నారు. కావాలంటే కొత్తది డిస్కౌంట్‌లో వేస్తాను" అన్నాడు.

ఇట్లాంటివాళ్లకు ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. బయటికి వచ్చేశాను. హాల్లో అందరూ నన్నే చూస్తున్నారు. బిల్లు దగ్గర నిలబడ్డ ఒక ఆమె, నాకన్నా చిన్నదే, నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాకు గిప్పుడే ఏసిన్రు క్యాప్. కడుగుడు, దారం... నాకేం చెప్పలే. గదేంది?"

"నన్నడుగుడు గాదు చెల్లె, లోపలికి పోయి ఆయన్నడుగు. చూపించేదాక బయటికి రాకు" అన్నాను. ఆమె పర్సు మూసుకుని, పిలవకుండానే లోపలికి పోయి తలుపు వేసుకుంది. నేను చూస్తుండగా చాలాసేపు ఆ తలుపు తెరుచుకోలేదు.

ఇప్పుడు నేను అన్నీ తింటున్నాను. రాత్రి గిన్నెలు కడిగాక నా పళ్ల పని నేను చూసుకుంటాను. ఆరునెలలకోసారి ఎల్బీ నగర్ పోయి క్యాప్ అంచు చూపించుకుంటాను. పోయిన పన్ను చోట ఖాళీ అట్లాగే ఉంది, నాలుక అక్కడికి పోయినప్పుడల్లా కోపం వస్తుంది. ఆ కోపం చల్లారాలని కూడా నేను కోరుకోవడం లేదు. ఇది చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. క్యాప్ వేసిన రోజు డాక్టరు అయిపోయిందంటాడు. అయిపోలేదు. అద్దం అడిగి తీసుకోండి, దాని చుట్టూ ఎట్లా శుభ్రం చేయాలో చూపించమనండి, మీ చేత్తో మీరు ఒకసారి చేసి చూసుకునే దాకా కుర్చీ దిగకండి. వెనక పేషెంట్లు ఎదురు చూస్తున్నారమ్మా అంటారు. చూడనివ్వండి.