ప్రెస్సులో పాత కంప్యూటర్

చిన్న వ్యాపారాలకు సర్వర్లు బిగిస్తానని చెప్పుకుంటాను. అది కాస్త బడాయి మాటే. బందరు నుంచి కోడూరు దాకా ఐసు ఫ్యాక్టరీలూ రొయ్యల మందుల కొట్లూ తిరిగి, నాలుగు కంప్యూటర్లలో చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళను అందరూ తెరుచుకునేలా ఒకే పెట్టెలో పెట్టి వస్తుంటాను. బండి మీద చెరువు గట్ల వెంట వెళ్తుంటే రెండు పక్కలా ఆకాశం నీళ్ళలో పరుచుకుని ఉంటుంది. ఏది పైదో ఏది కిందిదో కాసేపు తెలియదు. ఆ కాసేపు కోసమే ఈ పని మానలేదేమో అనిపిస్తుంది.

ఒక వానాకాలం బందరులో ఒక ప్రెస్సు యజమాని పిలిచారు. పెళ్ళి కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, రొయ్యల మేత లేబుళ్ళు వేస్తారు. గుడివాడలో కొత్తగా బ్రాంచి తెరిచారు. తెలుగు టైపింగంతా ఇరవయ్యేళ్ళ నాటి కంప్యూటర్ ఒక్కదాని మీదే. అది కొన్ననాటి నుంచీ దాని ముందు గిలకలదిండి నుంచి వచ్చే అక్క ఒకావిడ కూర్చుంటుంది. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటర్లలో అది ఎక్కదు. అందులో కొట్టిన మేటరు ఇంకోచోట తెరిస్తే డాలరు గుర్తులూ చుక్కలూ కనిపిస్తాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి ఆ కంప్యూటరేమో రోజుకు మూడుసార్లు ఆగిపోతోంది.

"ఇది పోతే పోనివ్వండి బాబూ. మేటరు బెజవాడలో కొట్టించుకుంటా. ఈవిడ కౌంటర్లో కూర్చుని కార్డులు మడతపెట్టుకుంటుంది," అన్నారాయన, ఆవిడ వింటుండగానే. నాకు ఒళ్ళు మండింది. అక్క తెర మీంచి చూపు తిప్పకుండా కొడుతూనే ఉంది.

ఆయన టీకి వెళ్ళాక మెల్లగా అడిగింది. "తమ్ముడూ, నాకు ఈ పనొక్కటే వచ్చు. దీన్ని బతికించలేవా?"

"పెట్టె దక్కదు అక్కా. లోపలున్నదంతా ఉన్నదున్నట్టు కొత్త సర్వర్‌లోకి ఎక్కిస్తాను. ఈ కంప్యూటరే అందులో నడుస్తుంది."

"పెట్టె లేకుండా కంప్యూటరేంటి, చోద్యం కాకపోతే!"

పగలంతా వాన. పాత హార్డ్ డిస్కు మూలుగుతూ తనలో ఉన్నదంతా కొత్త పెట్టెకు అప్పగిస్తూ కూర్చుంది. సాయంత్రానికి కొత్త తెర మీద పాత కంప్యూటర్ తెరుచుకుంది. వెలిసిపోయిన అదే కొబ్బరిచెట్ల బొమ్మ, అడ్డదిడ్డంగా అవే ఫోల్డర్లు. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఇల్లు మారిన సంగతి దానికి తెలియదు, నిద్రలో ఉన్న మనిషిలాగా.

టైపింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం గడువు తీరిందని మొరాయించింది. తేదీ గుర్తుపెట్టుకునే బ్యాటరీ చచ్చిపోయి, పాత కంప్యూటర్ రోజూ ఏనాటిదో ఒక జనవరి ఒకటినే నిద్రలేచేదట. దాని లెక్కలో గడువు ఎప్పుడూ తీరలేదు. ఇప్పుడు దానికి ఇవాళ్టి తేదీ తెలిసిపోయింది. ఆ పాత తేదీనే మళ్ళీ ఇచ్చి, రోజూ అక్కడి నుంచే మొదలయ్యేలా చేశాను.

"అప్పటికి నాకు కళ్ళజోడు లేదు," అని తేదీ చూసి అక్క నవ్వింది.

"దీన్ని గుడివాడలో కూడా తెరవొచ్చా బాబూ?" అన్నారు యజమాని. గుడివాడ బ్రాంచి అమ్మాయికి ఫోన్ చేసి, అక్కడా ఇదే తెర కనిపించేలా గొప్పగా తెరిపించాను. "ఇంకేం! అక్కడి అమ్మాయే రెండు ఊళ్ళదీ కొట్టేస్తుంది."

అక్క నవ్వు ఆగిపోయింది. బతికించమని అడిగినందుకు ఆమె కుర్చీని చేజేతులా గుడివాడ పంపేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పది నిమిషాల్లో ఆ అమ్మాయి యజమానికి ఫోన్ చేసింది. ఆయన స్పీకర్ పెట్టారు. "సార్, ఏది నొక్కితే ఏ అక్షరం వస్తుందో తెలియట్లేదండీ. 'క్ష' ఎక్కడుందండీ?"

యజమాని అక్క వైపు చూశారు. అక్క కీబోర్డు వైపు చూసింది. దాని మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, అవీ సగం చెరిగిపోయాయి. "ఏమో అమ్మా, నేను చూసి కొట్టిందెప్పుడు?" అని, కళ్ళు మూసుకుని ఉత్త బల్ల మీద చేతులు పెట్టింది. వేళ్ళు కదిలాయి. "కుడిచెయ్యి... చిటికెన వేలు... పై వరుస." ప్రతి అక్షరానికీ తన వేళ్ళనే అడిగి తెలుసుకుని చెబుతోంది.

యజమాని చాలాసేపు నిలబడి విన్నారు. "కార్డులు మడవడానికి ఇంకెవరినైనా చూసుకుంటాలే," అని గొణిగారు. అక్క వినిపించుకోలేదు.

"నువ్వు కూడా కళ్ళు మూసుకో అమ్మా," అంది ఫోన్‌లోకి. "నేను మూసుకునే ఉన్నాను."

మా ముందు కీబోర్డును ఎవరూ ముట్టుకోలేదు. తెర మీద ఒక్కో అక్షరం, తప్పులతోనే, రావడం మొదలైంది.